చలికాలపు బైకు గ్లౌజులు: మూడు నెలల వాడకం, తొమ్మిది నెలల నిల్వ

హైదరాబాదులో చలి ఎంతుంటుంది, దానికోసం ప్రత్యేకంగా గ్లౌజులు కొనడం ఎందుకు అని అడిగేవారు చాలామంది ఉన్నారు. నగరం నడిబొడ్డున, ఎండ వచ్చిన తరువాత బండి తీసేవారి విషయంలో ఆ ప్రశ్న సబబే. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారకముందే పటాన్‌చెరు వైపో, రాజేంద్రనగర్ వైపో, హయత్‌నగర్ దాటి విజయవాడ రహదారి మీదికో వెళ్లేవారి సంగతి వేరు. ఆ శివార్లలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు, కొన్ని రోజుల్లో అంతకంటే దిగువకు పడిపోతుంది. బండి కదలడం మొదలైతే గాలి కూడా తోడవుతుంది. గాలి వేగాన్ని బట్టి చలి ఎంత పెరుగుతుందో లెక్కకట్టే సూత్రం ప్రకారం, 10 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే కప్పులేని చర్మానికి అది దాదాపు 5 డిగ్రీల చలిగా తగులుతుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగి, వేగం 80 కిలోమీటర్లకు పెరిగితే ఆ లెక్క సున్నాకు దిగువన మైనస్ 3 డిగ్రీల దాకా వెళ్తుంది.

ఈ చలి మొదట పట్టుకునేది చేతులనే. శరీరం తన లోపలి వేడిని కాపాడుకోవడానికి ముందుగా వేళ్లలోని సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. బండి మీద గాలికి ఎదురుగా, కదలిక లేకుండా, హ్యాండిల్ పట్టుకుని ఉండేవి కూడా ఆ వేళ్లే. వేళ్ల చర్మం సుమారు 15 డిగ్రీల కంటే చల్లబడితే వాటి నేర్పు తగ్గిపోవడం మొదలవుతుంది. ఇంకా చల్లబడితే స్పర్శే మందగిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటిపోతుంది. మొద్దుబారిన వేళ్లు బ్రేకు లివరును అందుకోవడంలో అరసెకను ఆలస్యం చేస్తే, మనం బ్రేకు వేయకముందే 8 మీటర్లకు పైగా దూరం గడిచిపోతుంది. అందుకే చలి గ్లౌజులను నేను సుఖం కోసం కొనే వస్తువుగా చూడను. హెల్మెట్ ఎలాగో అవీ అలాగే.

అయితే మన ఊరి అవసరం చలిదేశాల అవసరం లాంటిది కాదు. అంతర్జాలంలో దొరికే సలహాలలో ఎక్కువ భాగం నవంబరు నుంచి మార్చి దాకా మంచులోనూ వానలోనూ బండి నడిపేవారి కోసం ఇచ్చినవి. మనకు చలి గ్లౌజులు గట్టిగా మూడు నెలలు పనికివస్తాయి. మిగిలిన తొమ్మిది నెలలూ అవి అటక మీదో, అల్మారాలోనో, బండి డిక్కీలోనో పడి ఉంటాయి. ఆ తొమ్మిది నెలల్లో 40 డిగ్రీలు దాటే మే నెల ఎండా వస్తుంది, గోడలు చెమ్మగిల్లే ఆగస్టు వానా వస్తుంది. హైదరాబాదులో చలి గ్లౌజులు దారి మీద అరిగిపోవడం కంటే ఇంట్లో ఊరకే ఉండి పాడైపోవడమే ఎక్కువ. కాబట్టి ఇక్కడ మన్నిక గురించి ఆలోచించేవారు మొదట అడగవలసిన ప్రశ్న, ఈ గ్లౌజు వేసవినీ వానాకాలాన్నీ తట్టుకుని వచ్చే డిసెంబరుకు చెక్కుచెదరకుండా ఉంటుందా అన్నది.

ఈ ప్రశ్నతో దుకాణంలో గ్లౌజును చేతిలోకి తీసుకుంటే చూడవలసినవి మారిపోతాయి. మొదటిది పైపొర. తక్కువ ధర గ్లౌజులలో తోలులా కనిపించేది చాలాసార్లు తోలు కాదు. గుడ్డ మీద పాలియురేథేన్ పూత పూసిన రకం, మనవాళ్లు రెక్సిన్ అని పిలిచే కుటుంబానికి చెందినది. కొత్తగా ఉన్నప్పుడు అది అసలు తోలు కంటే నున్నగా, నల్లగా మెరుస్తుంది. అయితే ఆ పూతలో చాలా రకాలు గాలిలోని తేమతో నెమ్మదిగా చర్య జరిపి విడిపోతాయి, వేడి ఆ చర్యను త్వరపరుస్తుంది. అంటే తేమా వేడీ రెండూ పుష్కలంగా ఉన్న మన అల్మారా దానికి సరిపడని చోటు. రెండు మూడేళ్లు తిరిగేసరికి, ఎంత తక్కువ వాడినా, పూత పొలుసులు పొలుసులుగా రాలిపోయి కింది గుడ్డ బయటపడుతుంది. అరచేతి భాగంలో అలా జరిగితే గ్రిప్పు మీద పట్టు జారుతుంది. పాత సోఫాలు, ఆఫీసు కుర్చీలు పొలుసులు రాల్చడం చూసినవారికి ఈ జబ్బు కొత్త కాదు.

అసలు తోలుకు ఆ జబ్బు లేదు. దానికి బూజు పడుతుంది, ఎండలో పెడితే బిరుసెక్కుతుంది, కానీ ఆ రెండింటినీ మనం ఆపగలం. గ్లౌజులకు నేను మేకతోలునే ఎక్కువగా ఇష్టపడతాను. ఆవుతోలుతో పోలిస్తే పలుచగా ఉండి కూడా గట్టిగా ఉంటుంది, వేళ్ల దగ్గర తేలికగా వంగుతుంది, కొద్ది రోజులకే చేతి ఆకారానికి అలవాటు పడుతుంది. చలి గ్లౌజులో ఎలాగూ లోపల దూదిలాంటి పొర ఉంటుంది కాబట్టి పైన తోలు కూడా మందమైతే వేళ్లు మడవడమే కష్టమవుతుంది. తోలు వద్దనుకునేవారు అరచేతి వైపు మైక్రోఫైబర్ స్వెడ్ వాడిన గ్లౌజులను ఎంచుకోవచ్చు. ఇది పూత పూసిన గుడ్డ కాదు, సన్నని పోగులు ఒత్తుగా అల్లుకున్న వస్త్రం. తడిసి ఆరినా బిరుసెక్కదు, పైన ఊడిపోవడానికి నిగనిగలాడే పొరా లేదు.

దుకాణంలో ఏది తోలో ఏది కాదో పోల్చడానికి ఒక మార్గం ఉంది. లోపల లైనింగ్ ఉండటం వల్ల తోలు వెనకవైపు కనబడదు. కానీ మణికట్టు పట్టీ చివరనో, వెల్క్రో కుట్టిన చోటనో కోసిన అంచు ఎక్కడో ఒకచోట బయటికి కనిపిస్తుంది. ఆ అంచును దగ్గరగా చూడాలి. అసలు తోలైతే మందమంతా నారలా, గరుకుగా ఒకే తీరున ఉంటుంది. రెక్సిన్ అయితే పైన సన్నని ప్లాస్టిక్ పొర, కింద నేత గుడ్డ వేరువేరుగా తెలుస్తాయి. కొన్ని గ్లౌజులలో అరచేయి మాత్రం తోలు పెట్టి, వేళ్ల పక్కల రెక్సిన్ కలిపేస్తారు. అందువల్ల ఒక్క చోట చూసి నమ్మకూడదు. లేబుల్ మీద పదార్థాల వివరం ఉంటే దానిని పూర్తిగా చదవాలి.

పైపొర తరువాత కుట్టు. గ్లౌజులు మొదట తెగేది దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే వంపు, వేలి కొనలు. యాక్సిలరేటర్ తిప్పిన ప్రతిసారీ ఆ వంపు గ్రిప్పు మీద ఒరుసుకుంటుంది. అక్కడ అదనంగా ఒక తోలుముక్క వేసి కుట్టారా, ఆ ముక్క చుట్టూ జంట కుట్టు ఉందా అన్నది చూడాలి. వేలి కొనలను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగితే కుట్టురంధ్రాలు నోళ్లు తెరుస్తాయా, దారం వదులుగా కనిపిస్తుందా అన్నది తెలిసిపోతుంది. జిగురుతో అతికించిన ముక్కలు, రబ్బరు అక్షరాలు, అలంకారపు పట్టీలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మన వేసవి వేడికి కుట్టు నిలుస్తుంది, జిగురు వదులుతుంది. మణికట్టు దగ్గర ఎలాస్టిక్ ఒక్కటే బిగువునిచ్చే గ్లౌజులు కూడా నాకు నచ్చవు. ఎలాస్టిక్ వాడకపోయినా సాగిపోతుంది. బకిలో, పట్టీతో కూడిన వెడల్పాటి వెల్క్రోనో ఉండటం మేలు.

ఇక వెచ్చదనం. హైదరాబాదు వాసులు ఎక్కువగా పొరబడేది ఇక్కడేనని నాకు అనిపిస్తుంది. చలి అనగానే దుకాణంలో ఉన్నవాటిలో అన్నింటికంటే లావుపాటి జతను తీసుకుంటారు. అరచేతి వైపు మందం పెరిగేకొద్దీ గ్రిప్పు చుట్టుకొలత పెరిగినట్లే అవుతుంది. లావైన గ్రిప్పును పట్టి ఉంచడానికి మరింత బిగించాలి, బిగించేకొద్దీ ముంజేయి అలిసిపోతుంది. మియాపూర్ నుంచి ఉప్పల్ దాకా అడుగడుగునా క్లచ్ నొక్కుతూ వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు. మంచి చలి గ్లౌజులో వెచ్చని పొర చేతి వెనక భాగంలో, వేళ్ల పైభాగంలో మందంగానూ, అరచేతి వైపు పలుచగానూ ఉంటుంది. గాలి తగిలేది వెనకవైపే, గ్రిప్పు తగిలేది అరచేతికి. థిన్సులేట్, ప్రైమాలాఫ్ట్ వంటి పేర్లతో వచ్చే పొరలు చాలా సన్నని కృత్రిమ పోగులతో చేసినవి. వాటి పోగుల మధ్య చిక్కుకుని నిలిచిపోయే గాలే వేడిని బయటికి పోనివ్వదు. కాబట్టి తక్కువ మందంలోనే పని జరుగుతుంది. ఆ పొర బరువును చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లేబుల్ మీద చెబుతారు. మన చలికి అందులో పెద్ద అంకె వెతకవలసిన పని లేదు.

మన చలికి మందం కంటే ముఖ్యమైనది గాలిని ఆపడం. వేసవి కోసం చేసిన గ్లౌజుల మెటికల మీద జాలీ గుడ్డ, చిల్లులు ఉంటాయి. అవి ఉన్నంతవరకు లోపల ఎంత ఊలు వేసినా ప్రయోజనం ఉండదు. కోఠీ, సుల్తాన్ బజార్ దారుల్లో చలికాలం రాగానే కనిపించే ఊలు గ్లౌజులు నడిచేవారికి చక్కగా పనికివస్తాయి కానీ బండి మీద గాలి వాటిలోంచి నేరుగా దూసుకువస్తుంది, గ్రిప్పు మీద అవి జారుతాయి, కింద పడితే క్షణంలో చిరిగిపోతాయి. చిల్లులు లేని తోలు గాలిని తనంతట తానే బాగా ఆపుతుంది.

నీరు చొరబడని గోర్‌టెక్స్, హిపోరా వంటి పొరలు ఉన్న గ్లౌజుల గురించి కూడా చెప్పాలి. ఈ పొరలు గాలినీ ఆపుతాయి, నీటినీ ఆపుతాయి, చెమట ఆవిరిని కొంతవరకు బయటికి వదులుతాయి. కానీ చాలా గ్లౌజులలో ఈ పొర బయటి తోలుకూ లోపలి లైనింగుకూ మధ్య విడి సంచిలా ఉంటుంది. చెమటపట్టిన చేతిని బయటికి లాగినప్పుడు లైనింగుతో పాటు అదీ వేళ్లలోంచి ఊడివస్తుంది, ఒకసారి అలా జరిగాక తిరిగి సరిగ్గా లోపలికి పోదు. చలి గ్లౌజులు చెడిపోయే కారణాల్లో ఇది ప్రధానమైనది. కొనేటప్పుడు చేయి లోపల పెట్టి, వేలి కొన వద్ద లైనింగును చిటికెతో పట్టుకుని లాగి చూడాలి. గట్టిగా అంటిపెట్టుకుని ఉంటేనే తీసుకోవాలి. మన డిసెంబరు, జనవరి సాధారణంగా పొడి నెలలు. వానాకాలంలో కూడా అదే జత వాడదలచినవారికి తప్ప, ఈ పొర కోసం అదనంగా ఖర్చు పెట్టవలసిన అవసరం నాకు కనిపించదు.

నా అభిప్రాయంలో హైదరాబాదుకు సరిపోయేది లోపల పలుచని వెచ్చని పొర ఉన్న, చిల్లులు లేని, మణికట్టును దాటి ముంజేతి మీదికి వచ్చే తోలు గ్లౌజు. దాని లోపల తొడుక్కోవడానికి విడిగా పట్టువో, మెరినో అనే మెత్తని ఊలువో పలుచని జత ఒకటి ఉంచుకుంటే చలి పెరిగినప్పుడు అది తోడవుతుంది, ఎండెక్కాక తీసి జేబులో పెట్టుకోవచ్చు. ఉదయం 6 గంటలకు వణికించి 10 గంటలకు చెమట పట్టించే వాతావరణంలో ఇలా పొరలుగా వేసుకోవడమే సరైనది. లోపలి జతను ఉతుక్కోవచ్చు కూడా. గ్లౌజు లోపల చేరి తోలును బిరుసెక్కించేది చెమటలోని ఉప్పే కనుక ఇది మన్నికకూ సంబంధించిన విషయమే.

కొలత విషయంలో తొందర పనికిరాదు. బొటనవేలిని వదిలి, మెటికల మీదుగా అరచేతి చుట్టుకొలతను టేపుతో తీసుకుని కంపెనీ కొలతల పట్టికతో పోల్చుకోవాలి. చలి గ్లౌజు చేతిని బిగించకూడదు. బిగిస్తే రక్తప్రసారం తగ్గుతుంది, వెచ్చని పొర నలిగి అందులోని గాలి పోతుంది, దాంతో చేతులు ఇంకా చల్లబడతాయి. లోపల పలుచని జత వేసుకునే ఉద్దేశం ఉంటే దానిని దుకాణానికి తీసుకువెళ్లి, రెండూ కలిపి తొడిగి చూడాలి. నిలబడి పిడికిలి బిగించి చూస్తే చాలదు, బండి మీద కూర్చుని చూడాలి. చేయి తెరిచి ఉన్నప్పుడు సరిపోయినట్లు కనిపించే గ్లౌజు, గ్రిప్పు పట్టుకోగానే వేలి కొనలను లాగవచ్చు లేదా అరచేతిలో ముడతగా పోగుపడవచ్చు. క్లచ్ పూర్తిగా నొక్కి వదలాలి, రెండు వేళ్లతో బ్రేకు పట్టాలి, ఇండికేటరునూ హారనునూ చూడకుండా బొటనవేలితో వెతికి నొక్కాలి. ఇందులో ఏ ఒక్కటి తడబడినా, ఎంత వెచ్చగా ఉన్నా ఆ జతను పక్కన పెట్టడమే మంచిది. ఆపైన మణికట్టు పట్టీ బిగించి, రెండో చేత్తో వేలి కొనల దగ్గర పట్టుకుని గ్లౌజును లాగాలి. పట్టీ విప్పకుండానే ఊడివస్తే, పడినప్పుడు కూడా అది చేతి మీద నిలవదు.

రక్షణ గురించి ఇంత ఆలస్యంగా ప్రస్తావించడానికి కారణం దానికి ప్రాధాన్యం తక్కువని కాదు. బండి మీద నుంచి పడేటప్పుడు ఎవరైనా అప్రయత్నంగా అరచేయి ముందుకు చాచుతారు. అలా పడినప్పుడు మణికట్టులో బొటనవేలి మొదట్లో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరగడం తరచుగా జరుగుతుంది. దానికి రక్తం అంతంతమాత్రంగానే అందుతుంది కనుక అతుక్కోవడానికి చాలా కాలం పడుతుంది. అరచేతి కింది భాగంలో, మణికట్టుకు దగ్గరగా గట్టి ప్లాస్టిక్ ముక్క ఉంటే, చేయి రోడ్డును పట్టుకుని ఆగిపోకుండా జారుతుంది, ఎముక మీద దెబ్బ తగ్గుతుంది. మెరిసే మెటికల కవచం చూసి మురిసి, ఈ ముక్క లేని జతను కొనేవారు చాలామంది కనిపిస్తారు. మంచు మీద జారే ఆటల కోసం చేసిన గ్లౌజులు వెచ్చగా ఉంటాయి, కొంత చవకగానూ దొరుకుతాయి, కానీ వాటికి ఈ రక్షణ ఏదీ ఉండదు.

హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసినట్లు మన దేశంలో బైకు గ్లౌజులకు అలాంటి నిర్బంధం లేదు. కాబట్టి ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 13594:2015 గుర్తు లోపలి లేబుల్ మీద ఉందా అని చూడటం ఉపయోగకరం. అందులో 1, 2 అని రెండు స్థాయిలు ఉంటాయి. అరచేతి పదార్థం రాపిడి పరీక్షలో 1వ స్థాయికి కనీసం 4 సెకన్లు, 2వ స్థాయికి 8 సెకన్లు చిల్లు పడకుండా నిలవాలి. పక్కన కేపీ అనే అక్షరాలుంటే మెటికల కవచం కూడా పరీక్షకు నిలిచిందని అర్థం. రైనాక్స్, వయాటెర్రా, రైడా, రాయల్ ఎన్‌ఫీల్డ్ వంటి పేర్లతో మన దేశంలో అమ్ముడయ్యే గ్లౌజులలో మంచి జతలు సుమారుగా రెండు వేల రూపాయల నుంచి మొదలవుతాయి. పేరును చూసి కాక, ఆయా జత లేబుల్‌ను చూసి నిర్ణయించుకోవాలి. ఒకే కంపెనీ గ్లౌజులలోనే గుర్తు ఉన్నవీ లేనివీ ఉండవచ్చు.

నగరం దాటి దూరం వెళ్లేవారికి కొంత అదనపు ఏర్పాటు కావాలి. శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రంతా మూసి ఉండి ఉదయం 6 గంటలకు తెరుచుకుంటుంది కనుక, చాలామంది చీకట్లోనే హైదరాబాదు నుంచి బయలుదేరి, ఒళ్లు గడ్డకట్టే వేళలోనే దారంతా నడుపుతారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద నిర్మల్ దాటి ఆదిలాబాద్ చేరేసరికి జనవరిలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల చుట్టుపక్కలకు దిగే రోజులుంటాయి. లంబసింగి చలి సంగతి తెలుగువారందరికీ తెలిసిందే. ఇలాంటి ప్రయాణాలకు కూడా మరో లావుపాటి జత కొనడం కంటే, హ్యాండిల్‌కు గాలిని అడ్డుకునే హ్యాండ్‌గార్డులు బిగించుకోవడం మేలని నా నమ్మకం. అవి గాలిని వేళ్ల దాకా రాకుండానే ఆపుతాయి, స్పర్శను తగ్గించవు. ఛాతీని వెచ్చగా ఉంచుకోవడం కూడా అంతే అవసరం. ఛాతీ చల్లబడితే శరీరం వేళ్లకు రక్తం పంపడం తగ్గిస్తుంది, అప్పుడు ఏ గ్లౌజూ ఆదుకోలేదు.

తెల్లవారుజామున పాల ప్యాకెట్లు, దినపత్రికలు వేసేవారు, గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాల్లో రాత్రంతా ఆహారం చేరవేసేవారు ఈ నగరంలో చలిని అందరికంటే ఎక్కువగా భరిస్తున్నారు. వారికి మూడు నాలుగు వేల రూపాయల జత భారమే. చిల్లులు లేని సాదా తోలు గ్లౌజు ఒక సైజు పెద్దది తీసుకుని, లోపల పలుచని ఊలు జత వేసుకుంటే చాలావరకు సరిపోతుంది. స్కూటరు గ్రిప్పుల మీద తొడిగే గుడ్డ కవర్లు కూడా చవకైన, మంచి ఉపాయమే. అయితే లివర్లు వాటిలో చిక్కుకోకుండా వదులుగా ఆడుతున్నాయో లేదో, చేయి ఇట్టే బయటికి వస్తుందో లేదో బండి కదిలించకముందే సరిచూసుకోవాలి.

ఫిబ్రవరి గడిచి గ్లౌజులు పక్కన పెట్టే వేళ వచ్చినప్పుడు వాటిని అలాగే సంచిలో కుక్కి పెట్టకూడదు. తోలును తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి నీడలో రెండు రోజులు ఆరనివ్వాలి. ఎండలో గానీ హెయిర్ డ్రయ్యర్‌తో గానీ ఆరబెడితే తోలు పగుళ్లు తీస్తుంది. ఆరిన తరువాత తోలుకు రాసే కండిషనర్‌ను పలుచగా పట్టించి, వెల్క్రోను మూసి, వేళ్లు మడతపడకుండా చాచి, నూలు సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవరు తేమను లోపలే బంధిస్తుంది. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలను పారేయకుండా ఈ సంచిలో వేయవచ్చు. లోపలి ఊలు జతకు పురుగు పట్టకుండా ఎండిన వేపాకు చాలు. కలరా ఉండలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి కనుక కవచాలున్న గ్లౌజుల దగ్గర వాటిని వాడకపోవడం మంచిది. బండి డిక్కీలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఉంచకూడదు, ఎండలో నిలిపిన బండి డిక్కీ బయటి కంటే చాలా ఎక్కువగా వేడెక్కుతుంది. వానాకాలంలో కనీసం ఒకటి రెండుసార్లు సంచి తెరిచి గాలి తగలనిస్తే బూజు పట్టదు. కొద్దిగా పట్టినా పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెడితే పోతుంది.

వేలి కొన కుట్టు విడిపోయినంత మాత్రాన గ్లౌజు పని అయిపోయినట్లు కాదు. చెప్పులు కుట్టేవారు మైనం పట్టించిన నైలాన్ దారంతో చక్కగా కుట్టి ఇస్తారు. పాత రంధ్రాల గుండానే కుట్టమని అడగాలి, కొత్త రంధ్రాలు పడేకొద్దీ తోలు అక్కడ బలహీనపడుతుంది. నీరు చొరబడని పొర ఉన్న గ్లౌజైతే సూది ఆ పొర దాకా దిగితే నీరు కారుతుందని ముందే చెప్పాలి. అరచేతి తోలు పలుచబడి లోపలి పొర కనిపిస్తున్నా, ఒకసారి గట్టిగా పడినప్పుడు ఆ గ్లౌజు రోడ్డు మీద ఒరుసుకుని ఉన్నా, కుట్టు ఎంత బాగున్నా దానిని ఇక బండికి వాడకూడదు. మొక్కల పనికి ఇచ్చేయవచ్చు.